ఇంటర్నెట్‌కు డోర్ నంబర్లు ఇచ్చిన జాన్ పోస్టెల్

విజయవాడలో ఇల్లు, డల్లాస్‌లో కొడుకు. ఇంటి గేటు దగ్గర పెట్టిన కెమెరాను ఏ కంపెనీ క్లౌడ్‌తోనూ పని లేకుండా అక్కడి నుంచి నేరుగా చూడాలని కొడుకు అనుకుంటాడు. అందుకోసం ఇంట్లో రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లి పోర్ట్ ఫార్వర్డింగ్ అనే పేజీ తెరవాలి. అక్కడ ఓ ఖాళీ గడి ఉంటుంది. దాంట్లో ఓ నంబరు వేయాలి. వెబ్ పేజీలకు 80, మెయిల్‌కు 25, దూరం నుంచి కంప్యూటర్‌ను నడపడానికి 22. వీటినే పోర్టు నంబర్లంటారు.

ఈ నంబర్లు ఏ ప్రభుత్వమో చట్టం చేసి ఇచ్చినవి కావు. అమెరికాలో ఒక ఇంజినీరు పాతికేళ్లకు పైగా వీటి లెక్క రాసిపెట్టి, అడిగిన వాళ్లకు పైసా తీసుకోకుండా ఇస్తూ వచ్చారు. ఆయన పేరు జోనథన్ బ్రూస్ పోస్టెల్. నెట్ ప్రపంచానికి జాన్ పోస్టెల్. 1998 అక్టోబరు 16న, 55 ఏళ్ల వయసులో చనిపోయారు.

ఆయన, ఆయన మిత్రులు కట్టిన నెట్‌లో ప్రతి యంత్రానికీ సొంత చిరునామా ఉండాలి. ఏ యంత్రమైనా మరో యంత్రం తలుపు తట్టగలగాలి. ఇవాళ మన ఇళ్లలో, ఫోన్లలో ఉన్న నెట్ అలాంటిది కాదు. ఇంట్లో రెండు రౌటర్లుంటే రెండు చోట్ల తలుపు తీయాలి. ఫోన్ నెట్ మీదే బతికే ఊళ్లలో తీయడానికి తలుపే ఉండదు. ఈ తేడా ఎక్కడ మొదలైందో తెలియాలంటే పోస్టెల్ జీవితాన్ని ఒకసారి తిరగేయాలి.

నలుగురు విద్యార్థులు, ఒక యంత్రం

పోస్టెల్ 1943 ఆగస్టు 6న కాలిఫోర్నియాలోని ఆల్టడీనాలో పుట్టారు. లాస్ ఏంజెలెస్ శివారులోని వాన్ నైస్ హైస్కూల్లో చదివారు. తర్వాత ఇంటర్నెట్ నిర్మాతలుగా పేరు తెచ్చుకున్న వింట్ సెర్ఫ్, స్టీవ్ క్రాకర్ కూడా ఆ బడి విద్యార్థులే. ముగ్గురూ యూసీఎల్ఏ విశ్వవిద్యాలయంలో కలిసి పనిచేశారు. పోస్టెల్ అక్కడే 1966లో ఇంజినీరింగ్ డిగ్రీ, 1968లో మాస్టర్స్, 1974లో కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేట్ పూర్తి చేశారు.

అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ డబ్బుతో అప్పుడు ఆర్పానెట్ తయారవుతోంది. వేర్వేరు నగరాల్లోని కంప్యూటర్లను కలిపే తొలి ప్రయోగం అది. దాని మొదటి కేంద్రం యూసీఎల్ఏలో ప్రొఫెసర్ లియోనార్డ్ క్లైన్‌రాక్ ప్రయోగశాల. 1969 అక్టోబరు 29న అక్కడి నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు తొలి సందేశం పంపారు. రెండు అక్షరాలు వెళ్లేసరికి అవతలి యంత్రం ఆగిపోయింది.

యంత్రాలు సిద్ధమయ్యాయి కానీ, అవి ఏ పద్ధతిలో మాట్లాడుకోవాలో చెప్పేవాళ్లు లేరు. ఆ బాధ్యత విద్యార్థుల మీద పడింది. తమ ఆలోచనలు రాసి పంచుకోవడానికి క్రాకర్ 1969 ఏప్రిల్‌లో ఒక పత్రాల వరుస మొదలుపెట్టారు. పెద్దవాళ్ల పెత్తనంలోకి దూరినట్టు కనిపించకూడదని వాటికి అభిప్రాయాల కోసం వినతి అనే అర్థమొచ్చే పేరు పెట్టారు. అవే ఆర్ఎఫ్‌సీలు. ఇప్పటికీ ఇంటర్నెట్ నియమాలన్నీ ఆ వరుసలోనే వస్తాయి. కొద్ది కాలానికే వాటి ఎడిటర్ బాధ్యత పోస్టెల్ తీసుకున్నారు. చనిపోయే వరకూ దించలేదు.

పోర్టు నంబర్ల చిట్టా

ఒక కంప్యూటర్‌లో ఒకేసారి చాలా సేవలు నడుస్తాయి. మెయిల్ ఒకటి, ఫైళ్ల మార్పిడి ఇంకొకటి. బయటి నుంచి వచ్చిన మాట ఏ సేవకు చేరాలో తెలియాలి. అపార్ట్‌మెంట్ పేరుతో పాటు ఫ్లాట్ నంబరు కూడా ఉంటేనే ఉత్తరం చేరినట్టు. 1972 మే నెలలో పోస్టెల్ ఒక ఆర్ఎఫ్‌సీ రాశారు. ప్రతి సేవకూ ఒక స్థిరమైన నంబరు ఉండాలని, ఆ లెక్క ఒకరి చేతిలో ఉండాలని ప్రతిపాదించారు. ఆ పనికి తన పేరే ముందుకు తెచ్చారు. ఎవరూ కాదనలేదు.

పాత నంబర్లలో ఒక విచిత్రం ఉంది. ఫైళ్ల మార్పిడికి 21, టెల్‌నెట్‌కు 23, మెయిల్‌కు 25. అన్నీ బేసి సంఖ్యలే. అప్పటి పద్ధతిలో ఒక కనెక్షన్ ఒక దిశలోనే నడిచేది. ఇద్దరు మాట్లాడుకోవాలంటే జతగా రెండు నంబర్లు కావాలి. తర్వాత పద్ధతి మారింది, జత అవసరం పోయింది. పాత నంబర్లు మాత్రం అలాగే ఉండిపోయాయి, వాటి మధ్య సరిసంఖ్యలు చాలావరకు ఖాళీగా మిగిలాయి. 1995 జులైలో ఫిన్లండ్ పరిశోధకుడు తాతు యులోనెన్ సురక్షితంగా దూరపు కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ తయారుచేసి, 21కీ 23కీ మధ్యనున్న 22 కావాలని మెయిల్ పెట్టారు. పోస్టెల్ సహచరి జాయిస్ రెనాల్డ్స్ నుంచి మర్నాడే ఆమోదం వచ్చింది. దరఖాస్తు రుసుము లేదు, సిఫార్సు లేదు.

పోస్టెల్ 1977 మార్చి నుంచి దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఇన్ఫర్మేషన్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశారు. చివరి వరకూ ఆ సంస్థ ఉద్యోగే. పొడవాటి గడ్డం, కాళ్లకు చెప్పులు, తీరిక దొరికితే కొండల్లో నడక. పోర్టు నంబర్లు, నెట్‌వర్క్ చిరునామాలు, డొమైన్ల పై వరుస లెక్కలన్నీ ఆయన, రెనాల్డ్స్, మరికొద్ది మంది చూసేవారు. ఆ చిన్న బృందానికే తర్వాత ఐయానా అనే పేరొచ్చింది. దాని అధికారం కాగితం మీద కన్నా నమ్మకం మీద నడిచింది. ఇచ్చిన నంబరు ఇంకొకరికి ఇవ్వరన్న నమ్మకమే ఆయన ఆస్తి.

32 బిట్ల లెక్క

1977 ఆగస్టులో పోస్టెల్ ఒక చిన్న పత్రంలో తమ పని తప్పుదారి పట్టిందని చెప్పారు. అప్పటికి సందేశాన్ని గమ్యానికి చేర్చే పని, అది చెక్కుచెదరకుండా అందిందో లేదో చూసే పని ఒకే ప్రొటోకాల్‌లో కలిసి ఉన్నాయి. వాటిని విడదీయాలన్నది ఆయన వాదన. మిగతావాళ్లు ఒప్పుకున్నారు. టీసీపీ, ఐపీ రెండుగా విడిపోయాయి. దారిలోని యంత్రాలు సందేశాన్ని ముందుకు తోస్తే చాలు, తెలివంతా రెండు చివర్లలో ఉంటుంది.

1981 సెప్టెంబరులో ఐపీ, టీసీపీ నిర్వచనాలు పోస్టెల్ ఎడిటర్‌గా వెలువడ్డాయి. మరుసటి ఏడాది మెయిల్ ప్రొటోకాల్ ఆయనే రాశారు. పాత పద్ధతి నుంచి కొత్తదానికి మారే ప్రణాళికా ఆయనదే. 1983 జనవరి 1న ఆర్పానెట్ టీసీపీ-ఐపీకి మారింది. పంపేటప్పుడు నియమం తప్పకు, అందుకునేటప్పుడు ఎదుటివాడి చిన్న పొరపాట్లను ఓర్చుకో అన్న సూత్రం ఆ పత్రాల్లో ఉంది. ఇంజినీర్లు దాన్ని ఇప్పటికీ పోస్టెల్ పేరుతోనే చెప్పుకుంటారు.

ఆ నిర్వచనంలో చిరునామా పొడవు 32 బిట్లు. అంటే 429 కోట్ల పైచిలుకు చిరునామాలు. 1977లో వింట్ సెర్ఫ్ తీసుకున్న నిర్ణయం అది. కొన్ని వందల కంప్యూటర్లతో సాగుతున్న ప్రయోగానికి అంతకు మించి ఎందుకన్నది ఆనాటి ఆలోచన. ప్రతి చేతిలో ఒక కంప్యూటర్ ఉండే రోజు ఎవరి ఊహలోనూ లేదు.

చిరునామాలు చాలని కాలం

1990ల మొదట్లో వెబ్ వచ్చింది. చిరునామాలు అయిపోతాయన్న భయం మొదలైంది. 128 బిట్ల కొత్త చిరునామాల కోసం పని సాగుతుండగా, ఈలోపు గడవడానికి రెండు ఉపాయాలు ముందుకొచ్చాయి.

మొదటిది, కొన్ని చిరునామాలను లోపలి వాడకానికే వదిలేయడం. 1994 మార్చిలో వచ్చిన ఆర్ఎఫ్‌సీ ప్రకారం ఐయానా మూడు వరుసలను పక్కన పెట్టింది. 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి. వీటిని ఏ ఇల్లయినా, ఆఫీసయినా వాడుకోవచ్చు, బయట మాత్రం చెల్లవు. 10తో మొదలయ్యే వరుస అంతకుముందు ఆర్పానెట్‌దే. 1990లో ఆ నెట్‌వర్క్‌ను మూసేయడంతో ఖాళీ అయింది.

రెండోది, 1994 మేలో వచ్చిన నాట్. లోపలి యంత్రాలన్నింటి తరఫునా ఒకే బయటి చిరునామాతో రౌటర్ మాట్లాడుతుంది. దీన్ని అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌తో పోల్చవచ్చు. లోపలివాళ్లు ఏదైనా ఆర్డర్ పెడితే ఏ ఫ్లాటుదో గుర్తుపెట్టుకుని, వచ్చిన పార్సిల్‌ను అక్కడికే పంపుతాడు. ఎవరూ రమ్మనకుండా వచ్చిన కొత్త మనిషి ఏ ఫ్లాటుకు వెళ్లాలో అతనికి తెలియదు. గేటు దగ్గరే వెనక్కి పంపేస్తాడు.

అదే ఏడాది జులైలో మరికొందరు ఇంజినీర్లు లోపలి చిరునామాల ఏర్పాటును తప్పుబడుతూ ఇంకో ఆర్ఎఫ్‌సీ రాశారు. ఒకే చిరునామా వేల చోట్ల ఉంటే నెట్ మొత్తానికి ఒకటే చిరునామా పుస్తకం అన్న పునాది కదులుతుందని వారి భయం. ఆ వాదన, దానికి ఎదురువాదన రెండూ పోస్టెల్ ఎడిటర్‌గా ఉన్న వరుసలోనే అచ్చయ్యాయి. 1996 ఫిబ్రవరిలో సవరించిన పత్రంతో లోపలి చిరునామాలు ఖాయమయ్యాయి. తాత్కాలికమనుకున్నది ముప్పై ఏళ్లుగా మన ఇళ్లలో ఉంది.

ఆఖరి ఏడాది

ఈలోగా నెట్‌లోకి డబ్బు వచ్చింది. అమెరికా ప్రభుత్వ ఒప్పందంతో డొమైన్ పేర్లు నమోదు చేస్తున్న నెట్‌వర్క్ సొల్యూషన్స్ కంపెనీ 1995 సెప్టెంబరు నుంచి రెండేళ్లకు 100 డాలర్లు వసూలు చేయడం మొదలుపెట్టింది. పేర్ల వ్యవస్థకు మూలమైన రూట్ సర్వర్ కూడా ఆ కంపెనీ చేతిలోనే ఉంది. అది ఎవరి అధికారంలో ఉండాలన్న తగాదా వాషింగ్టన్‌కు చేరింది.

1998 జనవరి 28న పోస్టెల్ మెయిల్ ద్వారా ఒక కోరిక పంపారు. ప్రపంచంలోని 12 ఉప రూట్ సర్వర్లలో 8 సర్వర్ల నిర్వాహకులను, ఇకపై మూల సమాచారాన్ని కంపెనీ యంత్రం నుంచి కాక తమ ఐయానా యంత్రం నుంచి తీసుకోమన్నారు. ఎనిమిది మందీ మారు మాట లేకుండా మార్చేశారు. మామూలు వాడకందారులకు తేడా తెలియలేదు. క్లింటన్ ప్రభుత్వ సలహాదారు ఐరా మాగజైనర్ మాత్రం తీవ్రంగా స్పందించారు. వారం రోజుల్లో అంతా మునుపటిలా మారింది. అది పరీక్ష మాత్రమేనని పోస్టెల్ చెప్పారు. ఆయన అధికారం దేని మీద నిలబడిందో ఆ వారం చూపించింది. నిర్వాహకులకు ఆయన మాట చాలు. ప్రభుత్వానికి ఆ మాట చాలలేదు.

ఒక మనిషి చిట్టా మీద ఇంత పెద్ద వ్యవస్థ నడవకూడదన్న సంగతి పోస్టెల్‌కూ తెలుసు. ఐయానా పనిని ఒక సంస్థకు అప్పగించడానికి ఆయనే కష్టపడ్డారు. 1998 సెప్టెంబరు 30న ఐకాన్ రిజిస్టరైంది. రెండు వారాలకే, గుండె కవాటం శస్త్రచికిత్స తర్వాత వచ్చిన సమస్యలతో పోస్టెల్ లాస్ ఏంజెలెస్‌లో కన్నుమూశారు. మర్నాడు వింట్ సెర్ఫ్ రాసిన నివాళి ఆర్ఎఫ్‌సీల వరుసలోనే, 2468వ నంబరుతో వచ్చింది. మరో రెండు నెలలకు, డిసెంబరులో, 128 బిట్ల ఐపీవీ6 సవరించిన నిర్వచనం వెలువడింది.

రెండు రౌటర్లు, రెండు గేట్లు

ఇప్పుడు విజయవాడ ఇంటికి వద్దాం. కంపెనీ బిగించిన ఫైబర్ పెట్టె ఒక రౌటర్. పై అంతస్తుకు సిగ్నల్ అందడం లేదని కొన్న వైఫై పెట్టె రెండో రౌటర్. ఇది గేటెడ్ కాలనీలో గేటుకొక వాచ్‌మన్, బ్లాకుకొక వాచ్‌మన్ ఉన్నట్టు. కాలనీ గేటు దాటిన మనిషిని బ్లాకు దగ్గర ఆపేస్తారు. అందుకే ఒక్క రౌటర్‌లోనే పోర్టు తెరిచి కెమెరా రావడం లేదని తల పట్టుకుంటారు.

చేయాల్సింది రెండు చోట్లా చెప్పడమే. బయటి పెట్టె లోపలి వైపు చిరునామా 192.168.1.1, రెండో రౌటర్‌కు అది ఇచ్చిన చిరునామా 192.168.1.2 అనుకుందాం. రెండో రౌటర్ లోపలి వరుస 192.168.0తో మొదలవుతుంది, కెమెరా 192.168.0.50లో ఉంది. రెండు రౌటర్ల లోపలి వరుసలు వేర్వేరుగా ఉండటం ముఖ్యం. ఒకటే అయితే ఏ వైపు పంపాలో రౌటర్‌కు తెలియదు. బయటి పెట్టెలో 8080 పోర్టుకు వచ్చినదాన్ని 192.168.1.2కు పంపమనాలి. రెండో రౌటర్‌లో అదే 8080ని 192.168.0.50కు పంపమనాలి. కరెంటు పోయి వచ్చాక ఈ చిరునామాలు మారిపోకుండా రెండింటినీ సెట్టింగుల్లో రిజర్వు చేయాలి.

అంతకన్నా తేలిక దారి ఒక గేటు తీసేయడం. బయటి పెట్టెను బ్రిడ్జ్ పద్ధతికి మారిస్తే అది తీగలా పనిచేస్తుంది, రెండోదే అసలు రౌటర్ అవుతుంది. లేదా రెండోదాన్ని యాక్సెస్ పాయింట్‌గా మారిస్తే అది వైఫై మాత్రమే ఇస్తుంది. ఎలా చేసినా, తెరిచిన తలుపు అందరికీ కనిపిస్తుంది. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షల్లో వశం చేసుకుని పెద్ద వెబ్‌సైట్లను పడగొట్టింది. పాస్‌వర్డ్ మార్చకుండా పోర్టు తెరవకూడదు.

బాసగూడలో మూడో గేటు

విజయవాడ ఇంట్లో రెండు గేట్లూ ఇంటివాళ్ల చేతిలోనే ఉంటాయి. ఆ రెండింటికీ అవతల, కంపెనీ దగ్గర, ఇంకో గేటున్నప్పుడు ఏమవుతుందో బాసగూడ లాంటి ఊరి నుంచి చూస్తే బాగా అర్థమవుతుంది.

బాసగూడ ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో, తాలిపేరు ఒడ్డున ఉంది. అదే నది కిందికి వచ్చి తెలంగాణలో చర్ల దగ్గరి తాలిపేరు ప్రాజెక్టును నింపుతుంది. ఒకప్పుడు ఇది అటవీ ఉత్పత్తుల సంతతో కళకళలాడిన ఊరు. 2005లో మొదలైన సల్వాజుడుం కాలంలో ఖాళీ అయింది. జనం కొందరు శిబిరాలకు, కొందరు సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లాకు వెళ్లారు. కొంతమంది తర్వాత తిరిగొచ్చారు. చుట్టరికాలు రెండు రాష్ట్రాల్లో చెదిరిపోయాయి. ఇలాంటి ప్రాంతాలకు నెట్ తీగ మీద కాదు, టవర్ మీద వచ్చింది. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లోని 2,343 టవర్లను 2జీ నుంచి 4జీకి మార్చడానికి కేంద్ర మంత్రివర్గం 2022 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది.

మొబైల్ నెట్‌లో పాత తరహా చిరునామా సాధారణంగా ఫోన్‌కు సొంతంగా దక్కదు. వేల ఫోన్లు కంపెనీ దగ్గర ఒకే బయటి చిరునామాను పంచుకుంటాయి. ఫోన్‌కు దొరికేది 10తో మొదలయ్యేదో, ఇలాంటి వాడకానికే 2012లో పక్కన పెట్టిన 100.64 నుంచి 100.127 వరకు ఉన్న వరుసలోనిదో అయి ఉంటుంది. ఒకప్పుడు ఆర్పానెట్ సొంత నంబరైన 10, ఇప్పుడు సొంత చిరునామా లేనివాళ్ల గుర్తు. ఇక్కడ నాట్ గేటు కంపెనీ చేతిలో ఉంది. దాని సెట్టింగుల పేజీ ఊళ్లో ఎవరికీ తెరుచుకోదు.

దీని అర్థం మామూలు మాటల్లో ఇది. బాసగూడ మనిషి నెట్‌లో దేన్నైనా చూడొచ్చు, తెచ్చుకోవచ్చు. తన పాటల రికార్డింగులో, గ్రామసభ తీర్మానాలో తన దగ్గరి చిన్న కంప్యూటర్‌లో పెట్టి, చర్లలో ఉన్న చుట్టాలను నేరుగా అక్కడికి రమ్మనలేడు. వేరెవరి సర్వర్‌లోనో పెట్టాలి, వాళ్ల షరతులు ఒప్పుకోవాలి. 2010లో శుభ్రాంశు చౌధురి మొదలుపెట్టిన సీజీనెట్ స్వర బస్తర్ ఆదివాసులు తమ భాషలో ఫోన్ ద్వారా వార్తలు చెప్పే వీలు కల్పించింది. ఆ వార్తలు బస్తర్‌వే, ఫోన్ చేయాల్సిన నంబరు మాత్రం బెంగళూరుది.

నగరంలోని ఇళ్లకూ ఈ మూడో గేటు ఉండొచ్చు. తెలుసుకోవడం కష్టం కాదు. బయటి రౌటర్ స్టేటస్ పేజీలో కనిపించే వాన్ చిరునామా, నెట్‌లో మన చిరునామా చూపించే వెబ్‌సైట్ చెప్పే చిరునామా ఒకటే అయితే పోర్ట్ ఫార్వర్డింగ్‌కు దారి ఉంది. వేరైతే ఇంట్లో ఎన్ని సెట్టింగులు మార్చినా ఫలితం ఉండదు. అప్పుడు కంపెనీని స్టాటిక్ ఐపీ అడగాలి, లేదా అద్దె సర్వర్‌కు లోపలి నుంచి టన్నెల్ వేయాలి, లేదా ఐపీవీ6 వాడాలి. ఐపీవీ6లో ప్రతి యంత్రానికీ మళ్లీ సొంత చిరునామా ఉంటుంది. దాని వాడకంలో భారత్ ముందు వరుసలో ఉంది. అయితే బయటి నుంచి వచ్చే పిలుపులను కొన్ని నెట్‌వర్కులు అక్కడా అడ్డుకుంటాయి.

పాత చిరునామాల ఉమ్మడి నిల్వ 2011 ఫిబ్రవరి 3న ఐయానా దగ్గర పూర్తిగా అయిపోయింది. ఇప్పుడవి మార్కెట్‌లో ఒక్కొక్కటి పదుల డాలర్లకు అమ్ముడవుతున్నాయి. స్టాటిక్ ఐపీ కోసం నెలనెలా కట్టే అదనపు రుసుము వెనకున్నది ఈ కరువే. పోస్టెల్ మొదలుపెట్టిన పోర్టు నంబర్ల చిట్టాను మాత్రం ఐయానా ఇప్పటికీ నిర్వహిస్తోంది. కొత్త సేవ తయారుచేసిన వారెవరైనా దరఖాస్తు చేసుకోవచ్చు. రుసుము ఇప్పటికీ లేదు.